పూసల నడుమ దారం

మేము వైద్యవిద్య చదివే కాలంలో క్రోమాటిన్ అంటే, రంగు పట్టించిన కణకేంద్రకంలో ముదురుగా కనిపించే పదార్థం మాత్రమే. దాని లోపలి అమరిక మా పుస్తకాలలో లేదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఎంజైములు ఆ గుట్టు విప్పాయి.

మన ఒక్కొక్క కణంలోని డీఎన్ఏను చాచి కొలిస్తే సుమారు 2 మీటర్లు. అది ఇమిడే కేంద్రకం మిల్లీమీటరులో నూరోవంతుకు మించదు. 1973లో ఆస్ట్రేలియాలో హ్యూయిష్, బర్గోయిన్ ఎలుక కాలేయకణాల కేంద్రకాలలో సహజంగా ఉన్న ఎంజైము చేతనే డీఎన్ఏను కోయించారు. ముక్కలు అడ్డదిడ్డంగా రాలేదు. ఒక కొలత, దానికి రెట్టింపు, మూడింతలు, ఇలా నిచ్చెనమెట్లలా వచ్చాయి. 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ దానికి అర్థం చెప్పారు: ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్లు ఒక పూస, పూసకు సుమారు 200 బేస్ జతల దారం. ఈ దారం పూసలోంచి దూరదు, పూస చుట్టూ తిరుగుతుంది. చుట్టుకున్న భాగాన్ని ప్రొటీన్ కాపాడుతుంది. పూసల నడుమ దారమే ఎంజైముకు దొరుకుతుంది. ఇంకా కోయనిస్తే చివరకు 147 జతలు మిగులుతాయి. ఈ పూసనే న్యూక్లియోసోము అంటున్నాం.

ఇది మనకెందుకని మీరు అడగవచ్చు. మన ఒంట్లో నిత్యం కణాలు చనిపోతుంటాయి. వాటి డీఎన్ఏ కూడా ఇలాగే పూసల నడుమ తెగుతుంది. అందుకే రక్తంలో తిరిగే ముక్కలలో ఎక్కువ భాగం 166 జతల పొడవుకు దగ్గరగా ఉంటాయి. గర్భిణి రక్తంలో మాయ నుంచి వచ్చిన ముక్కలూ కలుస్తాయి. తల్లి రక్తంలో గర్భస్థ శిశువు డీఎన్ఏ జాడను 1997లో డెన్నిస్ లో బృందం ప్రకటించింది. పదోవారం నుంచి డౌన్ సిండ్రోమ్ అవకాశాన్ని అంచనా వేసే రక్తపరీక్షకు అదే ఆధారం.

కొలకలూరులో మా ఇంటికి ఆ రిపోర్టులు పట్టుకొని వచ్చేవారున్నారు. 'అవకాశం ఎక్కువ' అన్న మాట చూడగానే గర్భం తీయించాలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకొని వస్తారు. వారికి చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఆ ముక్కలు ప్రధానంగా మాయవి. మాయలోని తేడా బిడ్డలో లేకపోవచ్చు. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. నిపుణుల సలహాతో ఉమ్మనీటి పరీక్ష చేయించి, ఫలితం చేతికి వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ ముక్కలలో ఆడా మగా అన్నదీ తెలుస్తుంది. 1994 నాటి చట్టం ప్రకారం అది చెప్పడం నేరం. దయచేసి ఏ వైద్యుడినీ అడగకండి.