చీలమండ పట్టు

కబడ్డీలో నన్ను ఎడమ మూలన నిలబెడితే, ఈ బక్కోడు ఎవర్ని ఆపుతాడని నవ్విండ్రు. పి.ఇ.టి. సారు మాత్రం రోజూ స్టడీ అవర్‌కు ముందు ఒక్క చీలమండ పట్టే ఇరవైసార్లు పట్టించారు. మన దామరచర్ల మట్టికి మోచేతులు గీరుకపోయినయి (వార్డెన్ సార్, టించర్ అయిపోయింది).

కూతకొచ్చినోని ముఖం చూడొద్దు, కాళ్ళు చూడాలి. బరువు మోపిన కాలు వెంటనే లేవదు. అప్పుడే రెండు చేతులతో పట్టి ఛాతీకి గుంజుకోవాలి. కూత 30 సెకన్లే, తొందర వానిది, మనది కాదు.

1882లో జపాన్‌లో జూడో మొదలుపెట్టిన జిగొరో కానో గారు కూడా చిన్న మనిషేనట. ఆ విద్యే బ్రెజిల్ దాకా పోయి జుజుత్సు అయింది.

ఆదివారం సెలక్షన్. పదో తరగతి పొడుగన్న కూతకొస్తాడు. ఎప్పుడూ కుడికాలే ముందు మోపుతాడు. చూసి పెట్టుకున్నా.

– 8వ తరగతి విద్యార్థి