చెంబెడు నీళ్ల కాపలా

నిరుడు మే నెలలో ఇరవై రోజులు ఊళ్లో లేం. తిరిగొచ్చి తలుపు తాళం తీసేసరికి ఇల్లంతా ఒకటే కంపు. ఎలుక ఏదైనా చచ్చిందేమోనని బీరువాల వెనకా మంచాల కిందా వెతికాం. ఫినాయిలు పోసి కడిగాం. కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాన్లు వేశాం. సాయంత్రానికి మళ్లీ అదే వాసన. చివరికి పైపుల పని చేసే పెద్దాయన్ని పిలిపించాం. ఆయన చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు. మేం వాడని రెండో స్నానాలగది గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఏం కాలేదండీ, ట్రాపు ఎండిపోయింది. రెండు చెంబులు నీళ్లు పొయ్యండి" అన్నారు. పోశాను. జాలీలోంచి గుడుక్కుమని చప్పుడొచ్చింది. పావుగంటలో వాసన పోయింది. ఎంతిమ్మంటారని అడిగితే, "నీళ్లు పోసింది మీరేగా బాబూ" అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి జాలీ ఎత్తి టార్చిలైటు వేసి చూశాను. ఇన్నేళ్లుగా దాని పక్కనే నిలబడి స్నానం చేస్తున్నా లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. కింద చిన్న గిన్నె. గిన్నె అడుగు నుంచి గొట్టం నేరుగా బయటికి పోదు. ముందు కిందికి దిగి, ఏనుగు తొండం చివరలా మళ్లీ పైకి లేచి, ఆ తర్వాత వెళ్లి పెద్ద పైపులో కలుస్తుంది. అలా దిగి లేచే వంపులో నీళ్లు నిలుస్తాయి. ఎన్ని బక్కెట్లు గుమ్మరించినా వంపు దాటి పోతాయి. ఆఖరి చెంబెడు మాత్రం ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగిన నీరే మూత. ఇటు నుంచి నీరు వెళుతుంది, అటు నుంచి గాలి రాదు. తిరిగే భాగం లేదు, స్ప్రింగు లేదు, అరిగేదీ విరిగేదీ లేదు. స్నానం చేసిన ప్రతిసారీ పాత నీరు దిగిపోయి కొత్త నీరు కాపలాకి ఎక్కుతుంది. ఆ నీటి లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు. చూపుడువేలు రెండు కణుపులు మునుగుతాయి, అంతే. మన మేస్త్రీలు దీన్ని నాని ట్రాపు అంటారు. నాని మనిషి పేరు కాదు. మరాఠీలో న్హాణి అంటే స్నానాలగది.

ఇంట్లోకి నీళ్లు వచ్చిన కథ మనందరికీ తెలుసు. బావి, గిలక, చేంతాడు. తర్వాత వీధి కుళాయి, దాని ముందు బిందెల వరస. ఆ తర్వాత ఇంటింటికీ కనెక్షన్. కోస్తాలో కుళాయి, పంపు, తెలంగాణలో నల్లా అంటూ ఎవరి మాట వాళ్లకుంది. 1908లో మూసీ ముంచెత్తి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఆ గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఊరు వదలరని ఒక మాట కూడా పుట్టింది. వచ్చే నీటికి పూజలున్నాయి, పాటలున్నాయి, ప్రారంభోత్సవాలున్నాయి. పోయే నీటికి ఏమీ లేదు. కానీ మన ఇళ్ల తీరును మార్చింది, నా లెక్కలో, వచ్చే నీరు కాదు. పోయే దారిలో ఆగిన ఆ చెంబెడు నీరు.

ఎందుకంటే, నీళ్లు పోసి కడిగేయడం మనుషులకి ఎప్పటినుంచో తెలుసు. నాలుగు వేల అయిదు వందల ఏళ్ల కిందట మొహెంజొదారోలో కాల్చిన ఇటికలతో స్నానపు అరుగులు కట్టుకున్నారు, వీధి పొడవునా కప్పు వేసిన కాలవలు తీశారు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణికి ధర్మపుత్రుడు సర్ జాన్ హారింగ్టన్, పైన తొట్టి, కింద మూత ఉన్న ఫ్లష్ దొడ్డి తయారు చేసి 1596లో దాని మీద పుస్తకమే రాశాడు. అది పెద్దగా వ్యాపించలేదు. నీళ్లు పోస్తే మురుగు పోయేది, కానీ అదే గొట్టంలోంచి కంపు వెనక్కి వచ్చేది. ఆ కంపుతో ఒకే కప్పు కింద కాపురం చేయడం ఎవరి తరం?

దాన్ని ఆపినవాడు గడియారాలు చేసేవాడు. అలెగ్జాండర్ కమ్మింగ్ స్కాట్లండు మనిషి. లండన్లో మూడో జార్జి రాజుకి వాతావరణ పీడనాన్ని గీతలుగా గీసే గడియారం చేసిచ్చిన పనివాడు. 1775లో ఆయన తీసుకున్న పేటెంటులో దొడ్డి కింది గొట్టం ఆంగ్ల అక్షరం ఎస్‌లా మెలిక తిరిగి ఉంది. ఆ మెలికలో నీరు నిలిచింది. మూడేళ్లకి తాళాలు చేసే జోసెఫ్ బ్రామా ఆ యంత్రంలోని జారుడు మూతని తీసేసి కీలు మూత పెట్టాడు. మూతలు ఆ తర్వాత చాలా మారాయి, చివరికి లేకుండానే పోయాయి. 1880ల్లో ట్వైఫర్డ్ లాంటివాళ్లు మొత్తం సీటుని పింగాణీలో ఒకే ముక్కగా పోతపోశారు. వంపు మాత్రం అలాగే ఉంది. మన ఇండియన్ సీటు కిందా, వెస్టర్న్ సీటు పొట్టలోనూ, వంటింటి సింకు కిందా ఉన్నది ఆ గడియారాల మనిషి మెలికే. గంటకీ నిమిషానికీ పళ్లచక్రాలు కోసిన చేతులు, ఒక్క చక్రమూ లేని ఈ ఏర్పాటు చేశాయంటే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది.

ఈ కాపలాకీ ఒక బలహీనత ఉంది. మేడ ఇళ్లలో పై అంతస్తువాళ్లు ఫ్లష్ నొక్కినప్పుడు, నిలువు పైపులో దిగే నీరు వెనకాల గాలిని కూడా లాక్కుపోతుంది. ఆ లాగుడుకి కింది అంతస్తు వంపులోని నీరు కూడా పోతుంది. అందుకే ఆ పైపుని డాబా పైదాకా లేపి, చివర జాలీ టోపీ పెట్టి గాలికి తెరిచి ఉంచుతారు. గాలి పైనుంచి దొరికితే కింద నీటిని పీల్చదు. ఖర్చు తగ్గుతుందని ఆ పైపుని పైదాకా లేపకుండా వదిలేసిన ఇంట్లో మేం అయిదేళ్లు అద్దెకున్నాం. పైన ఫ్లష్ నొక్కినప్పుడల్లా మా స్నానాలగది గుడగుడమని గొంతు పుక్కిలించేది. అది నీరు తన చోటు వదిలిపోతున్న చప్పుడని అప్పుడు తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో 2003 మార్చిలో హాంకాంగ్ చూసింది. అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో సార్స్ జబ్బు 300 మందికి పైగా సోకింది. పక్కపక్కన కూచోనివాళ్లకి, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లకి ఎలా అంటుకుందని విచారిస్తే, తేలిన కారణాల్లో ఒకటి స్నానాలగదుల్లో ఎండిపోయిన నేల ట్రాపులు. అక్కడివాళ్లు నేల కడగడం తక్కువ, తడిగుడ్డతో తుడుచుకుంటారు. వంపులో నీరు ఇంకిపోయింది. ఎగ్జాస్టు ఫ్యాను వేయగానే అది మురుగు పైపులోని తుంపర్లని గదిలోకి లాగింది. నేను ఇది చదివిన రోజు లేచి వెళ్లి ఇంట్లో అన్ని జాలీల్లోనూ నీళ్లు పోసి వచ్చాను.

మన మాటలు వింటే దొడ్డి ఎక్కడ ఉండేదో తెలుస్తుంది. దొడ్డి అంటే ఇంటి వెనక జాగా. మరుగు అంటే చాటు. మరుగుదొడ్డి అన్నా, దొడ్డికెళ్లడం అన్నా, చెంబు పట్టుకెళ్లడం అన్నా, బయటికెళ్లి రావడం అన్నా, అన్నిటిలోనూ దూరమే ఉంది. ఇప్పుడు అదే దొడ్డి పడగ్గదికి ఆనుకుని, దేవుడి గదికి ఒక్క గోడ అవతల ఉంది. అయినా పెద్దవాళ్లు "బయటికెళ్లొస్తా" అనే లేస్తారు. వంద అడుగుల దొడ్డిదారిని రెండంగుళాల నీరు భర్తీ చేసింది. వానాకాలం చీకట్లో లాంతరు పట్టుకుని వెళ్లే పని తప్పింది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకి, నిండు చూలాలికి, తెల్లవారకముందే పోయి చీకటి పడేదాకా ఓర్చుకునే ఆడవాళ్లకి ఇది ఎంత పెద్ద మార్పో మగవాళ్లకి పూర్తిగా తెలియదు.

పెద్ద డ్రైనేజీ లేని చోట కూడా ఈ వంపు పనిచేసేలా చేసినవాడు బిందేశ్వర్ పాఠక్. 1970లో బీహారులో సులభ్ మొదలుపెట్టి, రెండు గుంతల దొడ్డిని ఊరూరా తిప్పాడు. సీటు వాలు ఎక్కువ, వంపులో నీరు 20 మిల్లీమీటర్లే. అందువల్ల ఒకటి రెండు లీటర్లు పోస్తే చాలు, బిందె మోసుకొచ్చుకునే ఇంటికి కూడా భారం కాదు. ఒక గుంత నిండితే దారి రెండోదానికి మళ్లిస్తారు. నిండినది రెండేళ్లు ఊరుకుంటే వాసన లేని ఎరువవుతుంది. మనిషి చేత్తో ముట్టుకోవలసిన అవసరం ఉండదు. ఆయన మొదటి ఉద్దేశం కూడా అదే.

నీరు గాలిని ఆపుతుంది, బాగానే ఉంది. నీటికి అవతల ఏముంది? లండన్ వాళ్లు ఈ ప్రశ్న వేసుకోకుండా ఇంటింటికీ ఫ్లష్‌లు పెట్టుకున్నారు. అదంతా కాలవల వెంట థేమ్స్‌లోకి చేరింది. 1858 ఎండాకాలంలో నది ఒడ్డునున్న పార్లమెంటు భవనంలో తెరలకి సున్నపు మందు పూస్తే గానీ లోపల కూచోలేకపోయారు. ఇంట్లోంచి పోయిన కంపు ఊరి మీద పడింది. ఆ తర్వాతే బాజల్‌గెట్ అనే ఇంజినీరు నగరమంతా భూమిలో మురుగు కాలవలు తవ్వించాడు.

మన ఊళ్లలో ఆ అవతల ఉన్నది ఎక్కువగా సెప్టిక్ ట్యాంకు. అక్కడ దాని పని అది చేసుకుపోతుంది, నిండినప్పుడే గుర్తొస్తుంది. చీకటి, గాలాడని గుంత. లోపల హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే అది ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన తెలియకుండా పోతుంది. ఆ రోజు నాకు వాసన పోవడం ఊరట. అక్కడ దిగినవాడికి వాసన పోవడమే గండం. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. పేపర్లో మూలన వచ్చే వార్తల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోవడానికి కారణం ఇదే.

కోలారు బంగారు గనుల పట్టణంలో పాకీ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మీదే పోరాడారు. ఆయనా, ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్ సహచరులూ సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. అప్పటికే 1993 నాటి చట్టం ఒకటి ఉంది, 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం నేరం. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో అది 30 లక్షలయింది. విల్సన్‌గారికి 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. యంత్రం ఉన్న లారీ దొరకదనో, సందులోకి రాదనో, నాలుగు వందలు తక్కువకి మనిషి దొరుకుతాడనో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని దింపుతూనే ఉన్నారు. మా వీధిలో నేను ఒకసారి అడ్డుపడ్డాను. లారీ మర్నాడు వచ్చింది. ఒక్క రోజు ఆగితే ఎవరికీ ఏమీ కాలేదు.

తెనాలిలో మా తాతగారి ఇంట్లో చిన్నప్పుడు పాకీదొడ్డి ఉండేది. ప్రహరీ గోడకి వెనక సందు వైపు, నేలకి ఆనుకుని, రేకు మూత ఉన్న చిన్న కంత. తెల్లవారకముందే ఒకావిడ సందులోంచి వచ్చి ఆ మూత ఎత్తేది. ఇనప రేకు గీసిన చప్పుడు, బూడిద చల్లిన చప్పుడు, తట్ట ఎత్తుకునేటప్పుడు ఒక మూలుగు, ఇవే నాకు తెలిసిన ఆవిడ. ఎండాకాలం ఒకటి రెండుసార్లు మంచినీళ్లడిగితే మామ్మ వెళ్లి చెంబు పైకెత్తి దోసిట్లో పోసేది. ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉండగా తాతగారు ఇంటి లోపలే నీళ్ల దొడ్డి కట్టించారు. తెల్లటి పింగాణీ సీటు, దాని కింద సిమెంటులో దాగిన వంపు. అందరం వంతులవారీగా చెంబులతో నీళ్లు పోసి చూసి మురిసిపోయాం. సాయంత్రం మేస్త్రి వెనక గోడ కంతకి నాలుగు ఇటికలు పెట్టి సిమెంటు పూశాడు. మర్నాడు వేకువన ఆవిడ మామూలుగానే వచ్చింది. దొడ్డి వసారాలో పడుకున్న నాకు మెలకువ వచ్చింది. గోడ అవతల తట్ట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. రేకు చప్పుడు వినిపించలేదు. కాసేపటికి తట్ట ఎత్తిన చప్పుడు, దూరమైపోయిన అడుగులు. ముందురోజు ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ గోడ ఇంకా ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. ఎన్నిసార్లు సున్నం వేసినా సందు వైపు అడుగున, కంత ఉన్న మేర, గోడ రంగు కలవలేదు.