కారు షెడ్డులో కీచురాళ్లు

డిసెంబరు చలిలో అమెరికాలోని డాలస్ నగరానికి వెళితే, రాత్రిపూట బయట పురుగు చప్పుడైనా వినిపించదు. కాని మా మనమడి ఇంట్లో కారు షెడ్డు తలుపు తీయండి, మన పొలంగట్టు మీద ఉన్నట్టే కీచుమని ఒకటే హోరు!

ప్లాస్టిక్ తొట్టెలో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టి, వాడు కీచురాళ్లను పెంచుతున్నాడు. పాడేవి మగవే, రెక్కకు రెక్క రాసి ఆ చప్పుడు చేస్తాయి. ఆడవి సూదిలాంటి గొట్టాన్ని తడి ఇసుకలో గుచ్చి గుడ్లు పెడతాయి. దీపం పెట్టి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే, సుమారు 2 వారాల్లో చీమలంతేసి పిల్లలు బయటికి వస్తాయి. పళ్లెంలో నీళ్లు పోస్తే అవి మునిగి చస్తాయి. అందుకని తడి దూది పెడతాడు.

ఇదంతా వాడి చిరుతమచ్చల బల్లి కోసం. దాని జాతి అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ వైపు రాతినేలలది. మొదట్లో వాడు కొట్లో కొన్న కీచురాళ్లను ఆకలి కడుపులతోనే వేసేవాడు. కొన్నాళ్లకు బల్లి కాళ్లు వంకరపోయాయి.

"కీచురాళ్లలో కాల్షియం తక్కువ. ఎముకలు మెత్తబడ్డాయి," అన్నాడు పశువైద్యుడు.

వాడు బాగా ఏడ్చాడట. ఇప్పుడు ముందురోజే కీచురాళ్లకు క్యారట్టు, ఆకుకూరలు మేపి, కాల్షియం పొడి అద్ది మరీ వేస్తాడు. కాళ్ల వంకర పూర్తిగా పోలేదు.

"తాతయ్యా, చూడు!" అన్నాడు. బల్లి తోక ఆడించి, ఒక్క ఉదుటున కీచురాయిని అందుకుంది.