అప్పు బలం

ఫాంటసీ రాసేవాళ్ళ మధ్య ఒక రూలు తిరుగుతుంటుంది. మంత్రం ఏదైనా పెట్టుకో, కానీ దానికో ఖరీదు ఉండాలి. ఖరీదు లేని శక్తితో కథ నడవదు. హీరో మొదటి సీన్లోనే గెలిచేసి ఇంటికెళ్ళి పడుకుంటాడు. ఈమధ్య కొన్ని నెలలపాటు నేనొక వెబ్ సిరీస్‌కి రైటర్స్ రూమ్‌లో పనిచేశాను. కల్పిత రాజ్యం, కోటగోడ కింద మురికివాడ, ఆ వాడలో రాత్రిపూట కుస్తీ పందేలు. పందెగాళ్ళు దొంగచాటుగా కొనుక్కుని తాగే ఒక రసం. తాగితే కాసేపు నొప్పి తెలియదు, అలుపు రాదు. ఆ రసానికి ఖరీదేంటో తేల్చడం నాకు పడ్డ పని.

టేబుల్ మీద ఐడియాలకేం కొదవ లేదు. కళ్ళు రంగు మారతాయి అన్నారొకరు. ఒంటిమీద నరాలు నల్లగా తేలతాయి అన్నారు ఇంకొకరు. 2021లో వచ్చిన ‘ఆర్కేన్’ అందరం చూసినవాళ్ళమే. అందులో షిమ్మర్ అనే మందు పేదల నగరం వీధుల్లో దొరుకుతుంది. అది ఎక్కించుకున్నవాడికి రాక్షసబలం వస్తుంది, మనిషి ఆకారమే వికృతంగా మారిపోతుంది. అంతకుముందు తరానికి ఆస్టెరిక్స్ ఉన్నాడు. 1968లో వచ్చిన ఒలింపిక్స్ ఆల్బమ్‌లో మంత్రకషాయం తాగి పోటీ చెయ్యకూడదని ఆ ఊరివాళ్ళకి కబురొస్తుంది. చివరికి ఆ కషాయం దొంగిలించి తాగిన రోమన్ ఆటగాళ్ళు నీలంగా మారిన నాలుకలతో పట్టుబడిపోతారు. డోప్ టెస్టు మీద ఇంతకంటే మంచి జోకు నేను చదవలేదు.

మన పాతకథల్లో లెక్క వేరు. ఖరీదు ముందే కట్టాలి. ఒంటికాలి మీద నిలబడి ఏళ్ళతరబడి తపస్సు చేస్తే గానీ వరం రాదు. పాలసముద్రం చిలికినప్పుడు కూడా ముందు వచ్చింది హాలాహలం, అమృతం తర్వాత. ‘పాతాళభైరవి’ (1951)లో చచ్చిపడున్న మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు సంజీవనితో లేపి కూచోబెడతాడు. ఆ సంజీవనికి సైడ్ ఎఫెక్టులేం లేవు. ముందు కష్టపడి తర్వాత అనుభవించడం మనకి అలవాటైన కథ. ముందు అనుభవించి తర్వాత కట్టడం మనకి ఈఎమ్ఐలతో పాటు వచ్చింది.

ఈ చర్చలన్నీ జూబ్లీహిల్స్‌లో ఒక ఏసీ గదిలో. సాయంత్రం నేను నడుచుకుంటూ దిగి కృష్ణానగర్‌లో రూముకి వచ్చేవాణ్ణి. అక్కడ ఆ రసం చిన్న గాజుసీసాలో, మా బాత్రూమ్ వెంటిలేటర్ అంచు మీద, షేవింగ్ కిట్ వెనకాల ఉండేది.

నా రూమ్మేట్ ఫైటర్. పేరు రాయను. వరంగల్ వైపు నుంచి వచ్చాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. తెర మీద హీరో కొడితే గాల్లోకి లేచి అద్దాలమీద పడేవాళ్ళలో ఒకడు. పొద్దున నాలుగున్నరకే లేచి జిమ్‌కి పోయి, అక్కణ్ణుంచి అటే బండెక్కేవాడు. ఆ సీసా ఏంటిరా అని అడిగితే దాచలేదు. “సూది అన్నా. జిమ్ముల అందరు ఏస్కుంటరు. గిది కొడితే బరువు బరువే అనిపియ్యదు” అన్నాడు. స్టెరాయిడా అంటే, “ఏ, గదేం గాదు, ఆపరేషన్ల డాక్టర్లే ఇస్తరట” అన్నాడు.

అతను చెప్పిన రెండు ముక్కలూ నిజమే. ఆ సీసా మీదున్న పేరు మెఫెంటెర్మైన్ సల్ఫేట్. అది స్టెరాయిడ్ కాదు, కండ పెంచదు. వెన్నులో మత్తుమందు ఇచ్చినప్పుడు, ముఖ్యంగా సిజేరియన్లలో, తల్లి బీపీ ఒక్కసారిగా పడిపోతుంటుంది. అప్పుడు మత్తు డాక్టరు పక్కన నిలబడి, మానిటర్ చూస్తూ, కొద్దికొద్దిగా ఇచ్చే మందు అది. ఆ బల్లమీద అది ప్రాణం నిలబెడుతుంది. షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే మందుని మానిటర్ లేకుండా, డాక్టరు లేకుండా, బీపీ బాగానే ఉన్న పాతికేళ్ళ కుర్రాడు డంబెల్ ఎత్తే ముందు ఎక్కించుకుంటే కథ వేరు.

ఇది యాంఫెటమైన్ల చుట్టం. నరాల చివర్లలో మన ఒళ్ళే దాచిపెట్టుకున్న నార్‌అడ్రినలిన్ అనే రసాయనం ఉంటుంది. కుక్క తరిమినప్పుడు గోడ దూకే బలం ఇచ్చేది అదే. ఈ మందు కొత్తగా ఏ బలమూ తీసుకురాదు. ఆ గిడ్డంగి తలుపు పగలగొట్టి ఉన్న సరుకంతా ఒకేసారి బయటికి తోస్తుంది. గుండె పరిగెడుతుంది, రక్తపోటు లేస్తుంది, అలసట కబురు మెదడు దాకా చేరదు. గిడ్డంగి ఖాళీ అయ్యేకొద్దీ అదే మోతాదు పనిచెయ్యడం తగ్గుతుంది. దాంతో ఇంకొంచెం, ఇంకొంచెం. వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు చేసినట్టు. నేను రైటర్స్ రూమ్‌లో వెతుకుతున్న రూలు మందుల పుస్తకంలో ముందే రాసి ఉంది.

అలసట అంటే మనకి బద్ధకానికి చెల్లెలని ఒక చిన్నచూపు. నిజానికది ఒంటి లోపలి కాపలాదారు. ఇక చాలు, గుండెకి అందట్లేదు అని చెప్పేది అదే. ఆ కాపలాదారు నోరు నొక్కితే ప్రమాదం పోదు, కబురు మాత్రమే ఆగిపోతుంది. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు ఆటగాడు మోఁ వాఁతూ కొండ ఎక్కుతూ ఎండలో కూలి చనిపోయాడు. అతని ఒంట్లో యాంఫెటమైన్ దొరికింది. ఆగమని ఒళ్ళు చెప్పే మాట అతనికి సరిగా వినపడి ఉండదు.

మెఫెంటెర్మైన్ ఈరోజు వాడా నిషేధ జాబితాలో ఉంది. ఆటల్లోనైనా పట్టుకునేవాళ్ళొస్తే ఏమవుతుందో మనం చూశాం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. బాత్రూముల్లో వాడిపడేసిన సిరంజిల వీడియో బయటికొచ్చింది, డోప్ టెస్టు అధికారులు స్టేడియంకి వచ్చారు. ఆ రోజు మగవాళ్ళ వంద మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరిగెత్తాడు. మిగతా వాళ్ళు లైను దగ్గరికే రాలేదు.

కృష్ణానగర్‌లో అలాంటి అధికారి ఎవరూ రారు. ఫైటర్‌కి డోప్ టెస్టు ఎవడు చేస్తాడు? అతను ఎవరినీ ఓడించట్లేదు. ఓడిపోవడమే అతని వృత్తి.

2007లో ‘దేశముదురు’ వచ్చినప్పటి నుంచి మన తెరమీద సిక్స్‌ప్యాక్ ఒక డ్రెస్సయిపోయింది. హీరోల మీద నాకే ఆరోపణా లేదు. వాళ్ళకి ట్రైనరుంటాడు, వంటమనిషుంటాడు, అన్నిటికంటే ముఖ్యంగా నెలల టైముంటుంది. హీరో ఒళ్ళు పెరిగితే ఆ హీరో చేత తన్నులు తినేవాడి ఒళ్ళు కూడా పెరగాలి కదా, లేకపోతే ఆ దెబ్బకి విలువుండదు. నా రూమ్మేట్‌కి దొరికిన టైము పొద్దున గంటన్నర. ఆ తర్వాత పది పన్నెండు గంటలు సెట్లో, అందులో ఎక్కువ భాగం కూచోవడం. పిలిచినప్పుడు మాత్రం అప్పుడే జిమ్ నుంచి వచ్చినట్టు కనపడాలి. రోప్ కట్టి లాగినప్పుడు ఒకటో టేక్‌కీ పద్నాలుగో టేక్‌కీ తేడా తెలియకూడదు. “అలిసిపోయిండని ఒక్కసారి మాస్టర్‌కి కొట్టిందనుకో అన్నా, మర్నాడు ఫోన్ రాదు” అనేవాడు. మన ఫాంటసీ సినిమా కింద కనపడని ఇంజను అదే. అలిసిపోయినట్టు కనపడకపోవడం అక్కడ క్వాలిఫికేషన్.

డ్రగ్స్, సినిమా అన్న రెండు మాటలు కలిపితే మనందరికీ గుర్తొచ్చేది 2017 జూలై. ఎక్సైజ్ శాఖ సిట్ సినిమావాళ్ళని నాంపల్లి అబ్కారీ భవన్‌కి పిలిచి విచారిస్తుంటే టీవీలన్నీ ఆ గేటు ముందే కాపురం పెట్టాయి. అది సరదా కోసం తీసుకునే మందుల గురించిన రచ్చ. మా బాత్రూమ్‌లో ఉన్నది పని కోసం తీసుకునేది. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు జిమ్‌లకి పోయేవాళ్ళకి చీటీ లేకుండా అమ్ముతున్న ఈ ఇంజెక్షన్లని ఈ కొన్నేళ్ళలో హైదరాబాద్‌లో చాలాసార్లు పట్టుకున్నారు. కేసులు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద. పేపర్లో లోపలి పేజీలో ఒక చిన్న పెట్టె, సీసాల ఫొటో. ఏ గేటు ముందూ కెమెరా ఉండదు.

అతనిలో మార్పు మేం టేబుల్ మీద ఊహించినట్టు రాలేదు. కళ్ళు రంగు మారలేదు, నరాలు నల్లబడలేదు. చూడ్డానికి ఇంకా బావుండేవాడు. ముందు నిద్ర పోయింది. రాత్రి రెండింటికి గిన్నెలు తోముతూ కనపడేవాడు. తర్వాత అనుమానం మొదలైంది. ఓనర్ ఆంటీ వాటర్ ట్యాంకులో ఏదో కలుపుతోందన్నాడు. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు తనకోసం ఎవరో పెట్టిన సిగ్నలన్నాడు. ఒకరోజు నా లాప్‌టాప్‌లో రసం తాగే పందెగాడి సీను చదివి, “నా గురించి ఎవలకి చెప్తున్నవన్నా?” అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం సమాధానం ముందే తెలిసినవాడిలా ఉన్నాయి.

ఆ వారంలోనే, మెట్లెక్కుతూ మూడో అంతస్తు దగ్గర కూలబడ్డాడు. నలభై కేజీల బస్తా భుజానేసుకుని అవే మెట్లు ఎక్కినవాడు. నేనూ కింద టీ కొట్టు అన్నా కలిసి ఆటోలో ఎక్కించాం. డాక్టరు అడిగితే ప్రొటీన్ పౌడర్ తప్ప ఏం తీసుకోనన్నాడు. నేను జేబులోంచి సీసా తీసి బల్లమీద పెట్టాను. ఆమె లేబుల్ చదవలేదు, సీసా చూడగానే తలూపింది. ఎకో తీయించింది. గుండె పంపింగ్ తగ్గిందనీ, మందు పూర్తిగా ఆపేసి వాడాల్సినవి వాడితే కొంత కోలుకోవచ్చనీ, ఎంతన్నది ఇప్పుడే చెప్పలేననీ అంది. సైకియాట్రీకి కూడా రాసిచ్చింది. ఈ మందుకి అలవాటుపడి భ్రమలు మొదలైనవాళ్ళ గురించీ, గుండె కండరం దెబ్బతిన్నవాళ్ళ గురించీ మన దేశపు డాక్టర్లే జర్నల్స్‌లో రాస్తున్నారు. జిమ్‌కి పోయే మగపిల్లలే ఎక్కువ.

వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఆయన బ్యాగు సర్దుతూ నన్నడిగిన ప్రశ్న ఒకటే. “సార్, మావోడు సినిమాల్ల తాగుడు, తిరుగుడు నేర్చిండా?” లేదన్నాను. “మరి ఏం నేర్చిండు?” అన్నాడు. పని నేర్చాడు అని చెప్పాను. అంతకంటే సరైన మాట తోచలేదు.

రైటర్స్ రూమ్‌లో నా వంతు వచ్చినప్పుడు ఖరీదు ఇదీ అని చెప్పాను. రసం తాగినవాడు బయటికి ఏమీ మారడు, ఇంకా అందంగా కనపడతాడు, జనం ఇంకా ఎక్కువ చప్పట్లు కొడతారు, తను అలిసిపోయానన్న సంగతి లోకంలో అందరికంటే చివర తెలిసేది అతనికే. అందరూ ఒక నిమిషం ఆలోచించారు. డైరెక్టర్ మంచివాడే. “బావుంది, కానీ విజువల్‌గా ఏం చూపిస్తాం?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. చివరికి నల్ల నరాలకే ఓటు పడింది, అది గ్రాఫిక్స్ వాళ్ళకి తేలిక.

2025 ఆగస్టులో సినిమా కార్మికుల ఫెడరేషన్ జీతాలు 30 శాతం పెంచాలని షూటింగులు ఆపేసినప్పుడు కృష్ణానగర్ రోడ్లమీద పగలంతా జనం కనపడ్డారు. మామూలుగా ఆ వేళకి అందరూ సెట్లలో ఉంటారు. టీ కొట్టు దగ్గర శాతాల మీద వాదనలు విన్నాను, అవి కావాల్సిన వాదనలే. వాటి పక్కన ఇంకో రెండు పెడితే బావుంటుందనిపించింది. ఫైట్ సీను ఉన్న రోజు సెట్లో బీపీ చూడగలిగిన మనిషి ఒకరు. ఎనిమిదో టేక్ తర్వాత “ఇక నావల్ల కాదు మాస్టర్” అన్నవాడికి మర్నాడు కూడా ఫోన్ వచ్చే ఏర్పాటు. మొదటిది డబ్బుతో అవుతుంది. రెండోది అయితే ఆ సీసాకి గిరాకీ చాలావరకు పడిపోతుంది.

నాలుగు నెలల తర్వాత అతను ఫోన్ చేశాడు. నిద్ర పడుతోందట. మందులు వేస్కుంటున్నాడట, ఈసారి చీటీ ఉన్నవి. పొలం దాకా ఆగకుండా నడవగలుగుతున్నాడట. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, “అన్నా, చానా సన్నగైన. పేషెంట్ వేషం ఏమన్న ఉంటే చెప్పరాదు” అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వట్లేదు. కనుక్కుంటానన్నాను. తెలిసిన సీరియల్‌లో ఒకటి ఉంది. రెండు రోజుల పని, మంచం మీద పడుకోవడమే.