బావ బతికిన తర్వాత

మా బావ పోతే ఇంటికి ఎంత వస్తుందో అక్కకు నోటికి వచ్చు. జీవిత బీమా పాలసీ మూడు లక్షలు. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 436 రూపాయలు కట్టయ్యే జీవన్‌జ్యోతి బీమా రెండు లక్షలు. ఊళ్లో ఆయన పేరు మీద ఎకరన్నర పట్టా ఉంది కాబట్టి, 2018 ఆగస్టు నుంచి సర్కారు నడుపుతున్న రైతు బీమా కింద ఐదు లక్షలు. పీఎఫ్‌తో వచ్చేది వేరే. అశుభం అని జంకేది కాదు. సంఘం మీటింగుల్లో తోటి ఆడవాళ్లకు కూడా ఇదే చెప్పేది, "మంచిగున్నప్పుడే లెక్క సూసుకోవాలె" అని.

2022 వానకాలం చివర్లో, రాత్రి షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే హైవే మీద లారీ గుద్దేసి ఆగకుండా పోయింది. బావ ప్రాణం దక్కింది. ఎడమ కాలు పోయింది.

జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ అంటే బయటివాళ్లకు మహీంద్రా ట్రాక్టర్లే గుర్తొస్తాయి. బావది అంత పెద్ద పేరున్న చోటు కాదు. విడిభాగాలు చేసే ఒక చిన్న షెడ్డులో, కాంట్రాక్టరు కింద, లేత్ మీద పని. జీతం పదహారు వేలు. అక్క, ఇద్దరు పిల్లలు, అత్తామామలు అందరూ దాని మీదే. నాది బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. అందుకే ఇంట్లో కాగితాల పని ఏదొచ్చినా నా నెత్తిన పడేది. ఈసారీ పడింది.

సంగారెడ్డి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖానకు తీసుకెళ్లారు. నలిగిన కాలు చీము పట్టడంతో మోకాలి పైకి తీసేశారు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని అక్క తన లెక్కంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. ఒక్కొక్క కాగితం తీసి నేను చదివాను. రైతు బీమా చావుకే. జీవన్‌జ్యోతీ అంతే. పాలసీలో ప్రమాద వైకల్యం అనే మాట కనిపించి ఆశ పుట్టింది గానీ, షరతు చూస్తే రెండు కాళ్లైనా పోవాలి, రెండు చేతులైనా పోవాలి, లేదా ఒక చెయ్యీ ఒక కాలూ పోవాలి. ఒక్క కాలుకు అందులో చోటు లేదు. అక్కవాళ్ల మామ అంతా విని, "సస్తే పది లచ్చలు, బతికితే పైస లేదన్నట్టు" అన్నాడు. ముసలాయన కొడుకు చావు కోరి అన్న మాట కాదది. కాగితాల్లో రాసిందే పైకి చదివాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు.

దొరికింది, అక్క లెక్కలో లేని రెండు చిన్న కోతల దగ్గర. మొదటిది పాసుబుక్కులో ఇరవై రూపాయలు. సురక్షా బీమా. 2015లో ఏడాదికి 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ నుంచి 20 అయింది. ఖాతా తెరిచిన రోజు బ్యాంకులో సంతకం పెట్టమంటే బావ పెట్టాడు, మరిచిపోయాడు. ప్రమాదంలో ఒక కాలు పోతే దాని కింద లక్ష. ముప్పై రోజుల్లో బ్యాంకుకు చెప్పాలి. ఎఫ్ఐఆర్ నకలు, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఇచ్చాం. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే, బలమైన గాయాలకు యాభై వేలు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఆ ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చింది. దానికి వేరే అర్జీ.

రెండోది జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత. నూటికి ముప్పావు రూపాయి, అంటే నెలకు 120. "ఛాయ్ పైసలు గుంజుతరు" అని బావ ప్రతి నెలా సణిగేవాడు. యజమాని వాటా మూడుంపావు శాతం దానికి కలుస్తుందని గానీ, ఇంటికి వచ్చే దారిలో దెబ్బ తగిలినా పనిలో తగిలినట్టే లెక్క అని గానీ మాకెవరికీ తెలియదు. కాంట్రాక్టరుకు తెలుసో లేదో గానీ, "గేటు దాటినంక మా జిమ్మేదారి గాదు" అని ప్రమాద నివేదిక పంపడానికి తిప్పించాడు. పాత యూనియన్ మనిషి ఒకాయన మా షాపుకు జిరాక్సు కోసం వచ్చి, సంగతి విని, 2010లో చట్టం మార్చారయ్యా, 51-ఈ అనే సెక్షన్ పెట్టారు, అది ప్రింటు తీసి చేతిలో పెట్టు అన్నాడు. పెట్టాం. అప్పుడు కదిలింది. షిఫ్టు ఎన్నింటికి దిగాడు, ప్రమాదం ఎన్నింటికి, ఎక్కడ, అది ఇంటి దారేనా అని ఈఎస్ఐ వాళ్లు అడిగారు. అడగాల్సిందే కూడా. గేటు దగ్గర వేలిముద్ర టైముంది, ఎఫ్ఐఆర్‌లో టైముంది, రెంటికీ మధ్య పావుగంట. బావ ఆ రాత్రి దోస్తు ఇంటి వైపు మళ్లి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

చికిత్స నడిచినన్నాళ్లు జీతంలో తొంభై శాతం వచ్చింది. ఆ నెలల్లో ఇల్లు దాదాపు మామూలుగానే నడిచింది. అసలు దెబ్బ మెడికల్ బోర్డు తర్వాత తెలిసింది. చట్టం చివర ఒక పట్టిక ఉంటుంది. చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తిలో ముప్పై శాతం పోయినట్టు. మణికట్టు దాకా చెయ్యి పోతే అరవై. తొడ మధ్య నుంచి మోకాలి కిందికి కొద్ది దూరం దాకా ఎక్కడ కాలు తీసినా అరవై. బావకు అరవై వేశారు. పదహారు వేలలో తొంభై శాతం, అందులో అరవై శాతం, వెరసి నెలకు సుమారు 8,600. జీవితాంతం. వేళకు బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ ఇస్తే చాలు.

"లేత్ ముంగట ఎనిమిది గంటలు నిలవడాలె. నాకు పోయింది అరవై గాదురా, నూరు" అన్నాడు బావ. పట్టికకు ఆ మనిషి చేసే పని కనబడదు. కాలు పోయిన గుమాస్తాకూ అరవయ్యే, కాలు పోయిన లేత్ పనివాడికీ అరవయ్యే.

లక్ష రూపాయలు రాగానే చుట్టాలు దిగారు. ఆటో కొని కిరాయికి ఇవ్వమన్నారు, కిరాణా పెట్టమన్నారు. అక్క ఎవరి మాటా వినలేదు. దవాఖాన రోజుల్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ముందు తీర్చేసింది, గిర్వి పెట్టిన పుస్తెలతాడు విడిపించింది, మిగిలింది డిపాజిట్ చేసింది. మా కుటుంబంలో డబ్బు గురించి తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా తెలివైనది నేను చూడలేదు. తర్వాత కుట్టుమిషన్ పెట్టుకుంది. పని పోయినా, ఏడాదికి 120 రూపాయలు కడితే బావకూ ఆమెకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుందని తెలిసి ఆ ఫారం నింపించింది నాతోనే. నెలకు 120 కోతకు సణిగిన మనిషి ఏడాదికి 120 చేతులారా కట్టి రసీదు జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నాడు. ఈఎస్ఐ వాళ్లే ఇచ్చిన కృత్రిమ కాలుతో ఇప్పుడు నా షాపులో కూర్చుంటాడు. దరఖాస్తులు నింపడంలో నాకంటే ఓపిక ఎక్కువ.

అక్కడ కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. మార్కెట్ యార్డులో అల్లం బస్తాలు మోసే హమాలీ నడుము విరిగి వచ్చాడు. ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. సదరం శిబిరంలో వైకల్యం నలభై శాతం పైన వచ్చింది కాబట్టి ఆసరా పింఛను. 2023లో పెంచాక అది 4,016. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఒక షోరూం సేల్స్‌మన్. జీతం ఇరవై ఆరు వేలు. ఈఎస్ఐ పరిమితి 2017 నుంచి ఇరవై ఒక్క వేల దగ్గరే ఆగింది. ఆ గీత దాటినవాడు సొంతంగా కొనుక్కోవాలి, అతను కొనుక్కోలేదు. ఇంటి లోనుకూ బండికీ కిస్తీలు మాత్రం ఉన్నాయి. పక్షవాతం వచ్చింది. ప్రమాదం కాదు కాబట్టి ఇరవై రూపాయల బీమా కూడా పనికిరాలేదు. బీదర్ రోడ్డులో ప్లాటు అమ్ముకున్నారు. పదహారు వేల మా బావకున్న ఆసరా అతనికి లేకపోయింది.

సురక్షా బీమా ఉందా అని బావ ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతివాణ్నీ అడుగుతాడు. కొందరు విసుక్కుంటారు. అక్క ఖాతాలోనూ పెట్టించాడు. కానీ ఇంట్లో సంపాదన ఇప్పుడు సగం అక్కదే. ఆమెకు జీతం స్లిప్పు లేదు, ఈఎస్ఐ నంబరు లేదు. మొన్న జ్వరంతో పది రోజులు మిషన్ ఎక్కకపోతే ఆ పది రోజుల డబ్బు ఎక్కణ్నుంచీ రాలేదు. నడుము నొప్పని ఈమధ్య తరచూ అంటోంది. డబ్బు ఉన్నప్పుడల్లా వెయ్యో రెండు వేలో పోస్టాఫీసులో వేయమని బావ, పెద్దదాని కాలేజీ ఫీజుకు దాయాలని అక్క. ఆ గొడవ ఇంకా తెగలేదు.