గాలి ముందు, పెట్రోల్ ఎనుక: కార్వాన్ ఉస్తాద్ చెప్పిన పాఠం

ఈసారి పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. కొంచెం పొడుగున్నది. పాత పెట్రోల్ జీపు ఉన్నోళ్లకే కాదు, ఇంట్ల బ్రష్ కట్టరో, పెట్రోల్ స్ప్రేయరో, పాత మోటార్ సైకిలో ఉన్న అందరికీ పనికొస్తది. ఆఖరి దాక చదవండి.

మా నాయన కొన్న మహీంద్రా జీపు మీలో చానామంది చూసే ఉంటరు. 1974 మోడల్, పెట్రోల్ బండి, 2.2 లీటర్ల ఇంజను. నాయన పోయి ఆరేండ్లయింది గానీ బండిని నేను ఇడిచిపెట్టలేదు. చామంతి కోతలప్పుడు వారానికి రెండు మూడుసార్లు తెల్లారగట్ల పూల మూటలేసుకొని చేవెళ్ల మీదికెళ్లి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోత.

పోయిన సీజన్‌ల బండికి ఒక జబ్బు మొదలైంది. మెల్లగ తొక్కితే మంచిగ పోతది. ఒక్కసారి గట్టిగ తొక్కితే చాలు, పసిపిల్ల ఏడుస్తూ ఏడుస్తూ గుక్క పట్టినట్టు ఇంజను ఆగి, మళ్ల అందుకుంటది. దగ్గరి టౌన్‌ల ఒక మెకానిక్‌కు చూపిస్తే "పెట్రోల్ సరిపోతలేదు" అని మెయిన్ జెట్టు పెద్దది వేసిండు. ప్లగ్గులు నల్లబడ్డయి, లీటరుకు తొమ్మిది ఇచ్చే బండి ఏడుకు దిగింది. గుక్క మాత్రం పోలేదు. ఇగ నేనేం చేసిన? మెల్లగ తొక్కుడు అలవాటు చేసుకున్న. రెండు నెలలు అట్లనే నడిపిన.

ఒకరోజు పొద్దుగాల నాలుగున్నరకు మా ఊరి తొవ్వ నుంచి బీజాపూర్ రోడ్డు ఎక్కుతున్న. పక్కన మా పిల్లగాడు. లారీ దూరంగనే ఉన్నది. తొందరల అలవాటు మరిచి గట్టిగ తొక్కిన. బండి సరిగ్గా రోడ్డు నడుమ గుక్క పట్టింది. ఒక్క క్షణం సప్పుడే లేదు. లారీ లైట్లు పిల్లగాని మొఖం మీద పడ్డయి. ఆ డ్రైవర్ పక్కకు కోసిండు కాబట్టి ఇయ్యాల ఈ పోస్టు రాస్తున్న.

మార్కెట్ దాక ఇద్దరం మాట్లాడుకోలేదు. మూటలు దించినంక మావోడు ఒక్కటే అడిగిండు: "డాడీ, నువ్వు ఒక్కనివే ఉన్నప్పుడు ఇట్లయితే?" నా దగ్గర జవాబు లేదు. అమ్మేద్దామనే అనుకున్న. అక్కడే పూల కమిషన్ వ్యాపారి ఒకాయన, "ఇనుప సామాన్లోనికి ఇచ్చే ముందు కార్వాన్‌ల ఒక ఉస్తాద్ ఉన్నడు, ఒక్కసారి చూపియ్" అన్నడు.

గుడిమల్కాపూర్ నుంచి కార్వాన్ ఎంత దూరం, పక్కనే. కార్వాన్ అంటే బిడారు. గోల్కొండ సుల్తాన్ల కాలంల వజ్రాల వ్యాపారులు దిగిన చోటు అది. 1671ల కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ అక్కడ ఉన్నది. ఆ దిక్కే ఒక సందుల, రేకుల షెడ్డు కింద ఉస్తాద్ దుకాణం. డెబ్బై ఏండ్లుంటయి. నేను చెప్పిందంతా విన్నడు. బానెట్ ఎత్తలేదు. ముందు మూడు ప్రశ్నలు అడిగిండు.

"మెల్లగ తొక్కితే పోతదా పటేలా?" పోతది.
"చోక్ జరంత లాగి తొక్కితే?" గుక్క తగ్గుతది.
"అప్పుడు నల్ల పొగ వస్తదా?" గుక్క పట్టినప్పుడు రాదు, తర్వాత వస్తది.

"గాలి ముందు ఉరుకుతుంది, పెట్రోల్ ఎనుక పడుతుంది. గంతే" అన్నడు.

తర్వాత ఇడమర్చి చెప్పిండు. యాక్సిలరేటర్ తొక్కంగనే కార్బురేటర్ల తలుపు తెరుచుకుంటది. గాలి తేలిక, ఎంబడే లోపలికి పోతది. పెట్రోల్ బరువు, అందుకునేటందుకు జరంత సేపు పడుతది. లోపల గుంజే బలం కూడా అదే క్షణంల పడిపోతది. అందుకే యాక్సిలరేటర్ పంపు అని ఒక చిన్న పంపు పెట్టిన్రు. తొక్కంగనే అది ఒక పిచికారి కొడుతది. మెయిన్ జెట్టు అందుకునే దాక ఆ పిచికారే ఇంజనును నడుపుతది. అది లేకుంటే గుక్క. మెయిన్ జెట్టు ఎంత పెద్దది వేసినా ఆ మొదటి క్షణానికి అది పనికిరాదు. ఆకు పసుపుపచ్చగైందని జింకు లోపానికి యూరియా చల్లినట్టే నా పాత రిపేరు.

ఇంజను బందు పెట్టి, ఎయిర్ క్లీనర్ తీసి, నన్నే లోపలికి చూడమన్నడు. లివర్ కదిపిండు. సగం దూరం పోయినంక రెండు చుక్కలు పడ్డయి. "లివర్ కదలంగనే ధార రావాలె" అన్నడు.

అట్లని పంపు ఒక్కటే ఇప్పలేదు. వరుసగ చూసిండు. ఆ వరుస మీరు రాసి పెట్టుకోండి:

ఒకటి, ముందు కరెంటు. పాయింట్ల గ్యాప్, ప్లగ్గులు, టైమింగ్. ఇవి సరిగ లేకుంటే కార్బురేటర్ ముట్టుకోవద్దు.
రెండు, దొంగ గాలి. ఇంజను నడుస్తుంటే కార్బురేటర్ కింది ప్యాకింగ్ చుట్టు కొంచెం నీళ్లు చల్లిండు. సప్పుడు మారితే అక్కడ గాలి గుంజుతున్నట్టు. నాది ఒక మూల మారింది. ప్యాకింగ్ మార్చిండు.
మూడు, ఫ్లోట్ మట్టం. తొట్టిల నీళ్లు తక్కువైతే మోటారు ఏం చేస్తది?
నాలుగు, పైలట్ జెట్టు కడుగుడు, స్లో స్క్రూ. ఇంజను వేడైనంక స్క్రూ మెల్లగ లోపలికి తిప్పాలె. తడబడంగనే ఆపి, నున్నగ నడిచే దాక బయటికి తిప్పాలె.
ఐదు, అప్పుడు పంపు. డయాఫ్రం రబ్బరు గట్టిబడి ముడతలు పడ్డది. కింద వాల్వు గుండుకు మడ్డి పట్టింది. మన బోరింగ్ కాడ ఫుట్ వాల్వు కారితే మోటారు తిరిగినా నీళ్లు రావు సూడు, అదే కథ.

రబ్బరు మార్చి, గుండు కడిగి, లింకు రాడ్ ఆట తీసి, మెయిన్ జెట్టు మళ్ల పాత నంబరుది వేసిండు. లివర్ ముట్టంగనే ధార వచ్చింది. ఒక మాట: ఇప్పుడు, కడుగుడు పనులు చల్లబడ్డ ఇంజను మీద, బీడీలు లేని చోట. పెట్రోల్ తోటి ఆట వద్దు.

అమెరికాల పాత మజిల్ కార్లు ఉంటయి గదా, పెద్ద పెద్ద వీ8 ఇంజన్లవి. వాటికీ ఇదే గుక్క, ఇదే మందు. వాళ్ల హోలీ కార్బురేటర్ పంపు నాజిల్ మీద 31 అని ఉంటే రంధ్రం అంగుళంల వెయ్యో వంతులు 31 అన్నట్టు. గుక్క పోయే దాక నంబరు మార్చి చూస్తరు. ఇంజను ఎంత పెద్దదైనా మొదటి పిచికారి లెక్క ఒక్కటే.

రబ్బరు ఎందుకు పోయింది అంటే, పాతది కావుడు ఒకటి. ఇంకోటి ఇప్పటి పెట్రోల్. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ 2023ల మొదలైంది. ఆ కాలం రబ్బర్లు ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇంకా, కిలో పెట్రోల్ కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలె, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే పాత జెట్టుకు అదే గాలిల పెట్రోల్ తక్కువ పడ్డట్టు లెక్క. గుక్కకు ఇది కూడా తోడు. నవ్వొచ్చిందేందంటే, ఆ ఇథనాల్ చేసేది మన మక్కలు, చెరుకు, నూకలతోనే. నేను తిట్టలేను, మక్కలు నేనూ అమ్మిన. ఇథనాల్ తట్టుకునే రబ్బరు అడిగి తీసుకోండి. నెలల తరబడి పెట్రోల్ నిలవ పెట్టకండి, ఇథనాల్ తేమను గుంజుతది.

బ్రష్ కట్టర్లల చానావాటికి ఈ పంపు ఉండది. ట్రిగ్గర్ నొక్కంగనే గుక్క పడితే ముందు ఎయిర్ ఫిల్టర్, ట్యాంకుల ఫిల్టర్ చూడండి. అయినా పోకుంటే 'ఎల్' అని రాసి ఉన్న స్క్రూ జరంత బయటికి. ఒకేసారి రౌండు తిప్పకండి, పావులో సగం తిప్పి చూడండి.

పైసలు ఇచ్చేటప్పుడు ఉస్తాద్ అడిగిండు, "ఎన్ని దినాల నుంచి ఉన్నది పటేలా ఈ జబ్బు?" రెండు నెలలు అన్న. "రెండు నెలలు నీ కాలుకు నేర్పినవ్, బండికి చూపలేదు" అన్నడు. కోపంగ అనలేదు. కానీ ఇంటికొచ్చే దాక అదే మాట తిరిగింది. నిజమే. జబ్బు నాకు ఎరుకే. దానికి తగ్గట్టు తొక్కుడు నేర్చుకొని, బాగైందనుకున్న. పిల్లగాన్ని పక్కన కూచోబెట్టుకొని మరీ.

బండి అమ్మలేదు. మావోడే ఇప్పుడు నెలకోసారి ఎయిర్ క్లీనర్ తీసి ధార చూస్తడు. ఆ మలుపు కాడ మాత్రం, లారీ ఎంత దూరమున్నా ఆగే పోతున్న. మీ ఇంట్ల కూడా "మెల్లగ తొక్కితే నడుస్తది" అనుకునే బండి ఏదన్న ఉంటే, ఈ ఆదివారం దాని బానెట్ ఎత్తండి.