సైదాబాద్ నుంచి లాస్ శాంటోస్‌కి ఒక ఆటో

సైదాబాద్‌లో నిశ్శబ్దం దొరకదు. రాత్రి పదకొండు దాటినా మెయిన్ రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉంటాయి. పక్కింట్లో సీరియల్, కింద గల్లీలో చాయ్ తాగి ఇళ్లకి పోయేవాళ్ల ముచ్చట్లు, ఎవరో ఒకరి వంటింట్లో కుక్కర్ విజిల్. ఇలాంటి చోట కూర్చుని, మైక్ ఆన్ చేసి, నేను వేరే మనిషినని రెండు గంటల పాటు పది మందిని నమ్మించాలి. మూడేళ్లుగా రాత్రిపూట నేను చేస్తున్నది ఇదే. జీతం వచ్చే పని వేరే ఉంది. పగలంతా మాదాపూర్‌లో కోడ్ రాస్తా.

ఆడేవాళ్లకి తెలిసిందే, తెలియనివాళ్ల కోసం చెప్తా. జీటీఏ ఫైవ్ 2013లో వచ్చింది, పీసీ వెర్షన్ 2015లో వచ్చింది. మామూలుగా ఆడితే కార్లు కొట్టేయడం, కాల్చడం, పోలీసుల నుంచి పారిపోవడం. అయితే ఫైవ్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా అందులో సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. అది బయటివాళ్లు తయారుచేసింది. 2023 ఆగస్టులో ఆ టీమ్‌ని గేమ్ తీసిన రాక్‌స్టార్ కంపెనీయే తనలో కలుపుకుంది. ఈ సర్వర్లలో రోల్‌ప్లేవి వేరే లోకం. లాస్ ఏంజెలెస్‌ని చూసి గీసిన లాస్ శాంటోస్ అనే నగరంలో పోలీసు, డాక్టరు, మెకానిక్కు, దొంగ, లాయరు అందరూ నిజం మనుషులే. తెలుగులో మాట్లాడుకునే సర్వర్లూ ఉన్నాయి. కరీంనగర్ హాస్టల్ కుర్రాడు, గుంటూరు షాపు ఓనరు, డాలస్‌లో నైట్ షిఫ్ట్ అయిపోయిన అన్న ఒకే సిగ్నల్ దగ్గర కలుస్తారు.

అక్కడ ఉన్నదంతా గొంతే. మీ క్యారెక్టర్‌కి దగ్గరగా నిలబడ్డవాళ్లకే మీ మాట వినపడుతుంది. దూరం జరిగేకొద్దీ తగ్గిపోతుంది. గుసగుస, మామూలు మాట, అరుపు అని మూడు స్థాయిలు పెట్టుకోవచ్చు. రూల్స్ చాలా ఉన్నా మూలం ఒక్కటే: క్యారెక్టర్ వదలకూడదు. తలకి తుపాకీ పెడితే నిజంగా భయపడాలి. యూట్యూబ్ లైవ్‌లో చూసిన సంగతి మీ క్యారెక్టర్‌కి తెలిసినట్టు వాడకూడదు. కారణం లేకుండా ఎవర్నీ చంపకూడదు. నెట్ లాగ్ అవుతుంటే 'లాగ్' అనకూడదు, 'తల తిరుగుతోందన్నా' అనాలి. లాగౌట్ అవ్వాలంటే 'నిద్రొస్తోంది'. సర్వర్ రీస్టార్ట్ అయితే 'తుఫాను వస్తోంది, ఇళ్లకి పోండి'.

ఇప్పుడు మా ఇంటికి రండి. రెండు గదులు, మధ్యలో ప్లైవుడ్ పార్టిషన్. నాయిస్ సప్రెషన్ పెడితే ఫ్యాన్ చప్పుడు పోతుంది గానీ అమ్మ గొంతు పోదు. ఒకరోజు నా ఆటోలో ఇద్దరు బ్యాంకు దొంగలు ఎక్కారు. వెనకాల సైరన్లు. సరిగ్గా అప్పుడే అమ్మ, "అన్నం సల్లారుతుంది, లేస్తవా లేదా?" అని అరిచింది. ఆటోలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. "ఎవరన్నా అది?" అన్నాడు ఒక దొంగ.

"ఆటో ఓనరమ్మ. ఫోన్ స్పీకర్‌ల ఉంది. బండి తీసుకురమ్మని లొల్లి చేస్తుంది."

దొంగ ముందుకి వంగి నా ఫోన్‌కి చెప్తున్నట్టు, "అక్కా, పోలీసోళ్లు పోంగనే పంపిస్తం, ఏమనుకోకు," అన్నాడు. నవ్వాపుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఇద్దరిలో ఎవరు నవ్వినా సీన్ పోయేది.

ఆటో డ్రైవరే ఎందుకంటారా? మా సర్వర్‌లో మొదట్లో అందరూ డాన్‌లే. గ్యాంగుకో లీడర్, లీడర్‌కో రైవల్. డాన్‌గారి కారు పోలీసులు ఎత్తుకుపోతే ఆయన్ని ఇంటి దగ్గర దించేవాడే లేడు. సర్వర్‌వాళ్లు మన ఆటో మోడల్ కూడా పెట్టడంతో నేను యాదగిరినయ్యా. ఊరు సైదాబాద్, అడ్డా ఐ.ఎస్. సదన్. భాష మా ఇంట్లోది. కొంచెం నల్గొండ తెలుగు, కొంచెం పాతబస్తీ ఉర్దూ. ఆఫీసులో క్లయింట్ కాల్‌లో నేను వాడే గొంతుకీ దీనికీ సంబంధమే లేదు.

యాదగిరి నోరు తెరిస్తే చాలు, ఎక్కినవాళ్లు నవ్వేవాళ్లు. 'సినిమాలో కమెడియన్ లెక్క ఉన్నావన్నా' అనేవాళ్లు. వాళ్లనేం అంటాం? తెలుగు సినిమా చాలాకాలం ఈ భాషని కమెడియన్‌కో రౌడీకో ఇచ్చింది. హీరోలు మాట్లాడటం ఈ మధ్య సంగతి.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మా నాయిన పాతికేళ్లు ఆటో నడిపాడు. మోకాళ్లు అరిగాక బండి అమ్మేశాడు. ఇప్పుడు పార్టిషన్ అవతల పడుకుంటాడు. నా చెవులకి హెడ్‌సెట్ ఉంటుంది కాబట్టి ఆయనకి వినపడేది నా మాటలు మాత్రమే. అర్ధరాత్రి కొడుకు చీకట్లో కూర్చుని, అచ్చం తన మాటల్లోనే, కనపడని మనుషులతో కిరాయి బేరం చేస్తున్నాడు. మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతూ అడిగాడు.

"నౌకరి పోయిందా బిడ్డా? రాత్రిపూట ఆటో నడుపుతున్నవా?"

ఆ రాత్రి హెడ్‌సెట్ తీసేసి స్పీకర్ పెట్టా. నాయిన కుర్చీ లాక్కుని గంటసేపు చూశాడు. యాదగిరి మాట్లాడుతున్నాడు, వెనక సీట్లోవాళ్లు పడి పడి నవ్వుతున్నారు. నా గుండె కొట్టుకుంటోంది. ఆ మాటలు ఆయనవి. వాటితోనే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టాడు. అవి విని ఎవరో డాలస్‌లో కూర్చుని నవ్వుతున్నారు. నాయిన ఏమీ అనలేదు. లేస్తూ, "ఆదివారం పొద్దుగాల నీ బండి తియ్యి," అన్నాడు.

ఆదివారం ఐదున్నరకి బైక్ తీశా, ఆయన వెనక కూర్చున్నాడు. మొదటి మజిలీ మాదన్నపేట మండి. తానీషా కొలువులో మంత్రిగా చేసిన మాదన్న పేరు మీద వచ్చిన పేట ఇది. ఇప్పుడక్కడ కొత్తిమీర కట్టలు, టమాటా డబ్బాలు, తడి గోనెసంచులు. "ఈడ గిరాకీతోని గట్టిగ మాట్లాడొద్దు," అన్నాడు నాయిన. "రాత్రంత నిద్రలేక వచ్చినోళ్లు. కిరాయి మూటల లెక్కన చెప్పాలె, మనుషుల లెక్కన కాదు."

అక్కణ్ణుంచి చంచల్‌గూడ. 1876లో కట్టిన జైలు గోడ రోడ్డు పక్కనే ఉంటుంది. ములాఖత్‌కి వచ్చేవాళ్లని నాయిన ఎన్నిసార్లు ఎక్కించుకున్నాడో లెక్కలేదు. "పోయేటప్పుడు ఎవరి కోసమని అడగొద్దు. వచ్చేటప్పుడు ఏడుస్తరు. అప్పుడు అద్దం జర పక్కకి తిప్పాలె. ఆటోవాలా చూస్తుండు అనిపించొద్దు."

మలక్‌పేట రేస్‌కోర్స్ ముందు బండి ఆపమన్నాడు. గుర్రప్పందాలు 1886లో ఇక్కడికి వచ్చాయి. "ఈడ రేసులు అయినంక కిరాయి ముందుగాల తీసుకో. ఎందుకంటవా? జేబులు చూస్తే తెలుస్తది," అని నవ్వాడు. అదే ఊపులో గల్లీల లెక్క చెప్పాడు. ఏ గల్లీలో 'సలాం భాయ్', ఏ కాలనీలో 'నమస్తే మేడం', ఎక్కడ 'అక్కా' అంటే కోపం, ఎక్కడ అనకపోతే కోపం. కోపమొచ్చినా మీటర్ నడిచేదాకా మింగాల్సిందే. "ఇంట్ల జగడం, ఫైనాన్సోడి ఫోను, కాళ్ల నొప్పులు, గివన్నీ అడ్డ కాడనే దించిపోవాలె. సవారి ఎక్కినంక నువ్వు ఆటోవాలవే."

మా సర్వర్ రూల్స్ పేజీలో దీనికి పన్నెండు పాయింట్లు ఉన్నాయి.

చివరికి మూసారాంబాగ్ వైపు వెళ్లాం. మెట్రో స్టేషన్ బోర్డు మీద ఈ పేరు రోజూ వేల మంది చదువుతారు గానీ, దాని వెనక ఉన్న మనిషి ఫ్రాన్స్‌వాడని చాలామందికి తెలియదు. మిషెల్ రేమండ్ రెండో నిజాం అలీ ఖాన్ దగ్గర సేనాధిపతిగా చేశాడు, 1798లో చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి, దాని పక్కన ఎత్తైన రాతి స్తంభం ఉన్నాయి. పక్కనున్న మండపం 2001లో కూలిపోతే మళ్లీ కట్టారు. మాన్సియూర్ రేమండ్ అనడం నోరు తిరగక హిందువులు మూసారామ్ అన్నారు, ముస్లింలు మూసారహీమ్ అన్నారు. ఆయన పుట్టిన పేరు రాతి మీదా పుస్తకాల్లోనూ ఉంది. జనం ఇచ్చిన పేరు బస్ కండక్టర్ నోట్లో ఉంది.

ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడే నాయిన పిట్టలదొర సంగతి చెప్పాడు. దేవరకొండ దగ్గర మా ఊరికి ఆయన చిన్నప్పుడు వచ్చేవాడట. మీరు తెలంగాణ పల్లెటూరివాళ్లయితే మీ తాతకి తెలిసే ఉంటుంది. లత్కోర్ సాబ్ అని కూడా అంటారు. ఖాకీ నిక్కరు, టోపీ, చేతిలో కట్టె తుపాకీ. తనకి వందల ఎకరాలున్నాయని, లాట్ సాబ్ తన చుట్టమని కోతలు కోస్తూ ఇంటింటికీ తిరుగుతాడు. "ఊరంత నవ్వేది. ఆయన మాత్రం నవ్వకపోయేది. మేం తుపాకి గుంజినా, కుక్కలు మొరిగినా, నీళ్లు తాగేటప్పుడు గూడ దొర లెక్కనే తాగేది. ఒక్కసారి నవ్విండనుకో, ఇంక గింజలెవరు పెడ్తరు?"

కాసేపాగి అన్నాడు. "జనం నవ్వింది దొరలను చూసి రా, ఆయన్ని చూసి కాదు. నీ యాదగిరిని చూసి నవ్వనియ్యి. కానీ గిరాకీని మాత్రం జాగ్రత్తగ దించు."

ఆ మాట పనికొచ్చిన రాత్రి తర్వాత నెలలో వచ్చింది. పిల్‌బాక్స్ హాస్పిటల్ ముందు ఒకతను ఆటో ఎక్కాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది, గుసగుస స్థాయిలో పెట్టుకున్నట్టున్నాడు. ఎక్కడికన్నా అంటే, "ఎక్కడికో ఒకచోటికి. తిప్పు," అన్నాడు. గ్రేట్ ఓషన్ హైవే ఎక్కించా. ఎడమ పక్కన సముద్రం. చాలాసేపటి తర్వాత, "మా నాన్న పోయి పది రోజులైందన్నా," అన్నాడు.

అది ఆ క్యారెక్టర్ కథా, లేక మైక్ ముందు కూర్చున్న మనిషి కథా? సూటిగా అడిగితే క్యారెక్టర్ పోతుంది. అడగకపోతే, నిజంగా కష్టంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదిలేసినట్టు. బయట ఎవరికైనా నిజంగా బాగోలేకపోతే ఆట వెంటనే ఆపాలని మా సర్వర్‌లో రూల్ ఉంది. ఆ రూల్ అన్నిటికంటే పైన. కీబోర్డ్ మీద కెమెరా బటన్ నొక్కి, వెనక సీటు కనపడకుండా చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నా. తర్వాత యాదగిరి గొంతుతోనే అడిగా.

"అన్నా, నిద్రలేచి మాట్లాడుకుందామా? నాకేం తొందర లేదు."

ఆట ఆపేసి, బయట మన గొంతులతో మాట్లాడుకుందామా అని దానర్థం. ఆడేవాళ్లందరికీ తెలుసు. అతను కాసేపు ఏమీ అనలేదు. అతని మైక్‌లోంచి ఫ్యాన్ చప్పుడు, ఎక్కడో కుక్క మొరుగుడు వినపడ్డాయి.

"వద్దన్నా. ఇంట్లో అందరూ నన్ను చూసి ఏడుస్తున్నారు. ఇక్కడైతే ఎవరికీ తెలీదు. ఇంకొంచెం తిప్పు."

పాలెటో బే దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. దారిలో యాదగిరి తనకి నిజాం ఇచ్చిన మూడు బంగళాల గురించి, పందెంలో పోగొట్టుకున్న గుర్రాల గురించి కోతలు కోశాడు. ఒకచోట అతను చిన్నగా నవ్వాడు. దిగేటప్పుడు కిరాయి ఎంతన్నాడు. మీటర్ ఎంత చూపిస్తే అంతే తీసుకున్నా. మాఫీ చేస్తే జాలిపడ్డట్టు ఉంటుంది. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఎక్కాడు. అసలు పేరేంటో ఇప్పటికీ అడగలేదు.

క్యారెక్టర్‌లో ఉండటమంటే అసలు మనిషిని దాచేయడమని మా ఆఫీసులో ఒకరన్నారు. నాకలా అనిపించదు. ఆ రాత్రి యాదగిరి ఉన్నాడు కాబట్టే అతను ఏడవగలిగాడు. సైదాబాద్ ఇంజనీర్ ఎదురుగా ఉంటే 'సారీ బ్రో' అనేవాడు, అక్కడితో అయిపోయేది.

బయట మాత్రం ఆటోలకి గిరాకీ తగ్గింది. 2023 డిసెంబర్‌లో బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ తీసేశాక అడ్డాలో ఎదురుచూపులు పెరిగాయని నాయిన దోస్తులంటారు. ఆడవాళ్లకి అది మంచిదే, ఆటోవాళ్లకి కష్టమే. రెండూ నిజమే. నాయిన ఇప్పుడు నడపకపోయినా సాయంత్రాలు అడ్డాకి వెళ్లి కూర్చుంటాడు. పొద్దున చాయ్ దగ్గర నన్నూ అదే అడుగుతాడు: "రాత్రి గిరాకీ ఎట్లుండె?"

రోల్‌ప్లే మొదలుపెడదామని మంచి మైక్ కోసం డబ్బులు దాస్తున్నారా? కొనండి. కానీ దానికంటే ముందు ఓ ఆదివారం పొద్దున సైదాబాద్‌లో ఆటో ఎక్కి మాదన్నపేట మండికి పొమ్మనండి. దారంతా డ్రైవర్ ఎవరెవరితో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. మీటర్ సంగతి మాత్రం ఎత్తకండి.